అన్నిటికీ వద్దు

1. సోమవారం

ఏదైనా జరిగిన రోజున రాసి పెట్టమని డాక్టరమ్మ ఇషాన్వి గారు చెప్పారు. అక్క గురించి ఆవిడకి పనికొస్తుందట. నోటితో చెప్తే గోడే రాసుకుంటుంది. కానీ గోడ ముందు అడుగుతుంది, మీ మాటలు దాచుకోవచ్చా, మీ యాసను పరిశీలించుకోవచ్చా, మా భాగస్వాములకు వినిపించవచ్చా అని. అందుకని కాగితం మీద రాస్తున్నాను. కాగితం ఏమీ అడగదు.

అక్క నాకు తోబుట్టువు కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. పేరు ప్రత్యూష. డెబ్బై దాటి చాలా కాలమైంది. నా పేరు లహరి, నేనూ ఏమంత చిన్నదాన్ని కాను. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మా ఇద్దరికీ పిల్లలు లేరు. కొత్త కోరంగిలో, కాలవలో పాతిన స్తంభాల మీద కట్టిన రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. వంటిల్లు ఒక్కటే. అందుకని మాటా మాటా అనుకోవడానికి ఎప్పుడూ లోటు లేదు.

అక్కకి పాతవి బాగానే గుర్తు. కొత్తవే నిలవవు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. మనుషుల ముఖాలు కూడా జారిపోతున్నాయని ఆసుపత్రిలో గుర్తుజోడు ఇచ్చారు. చూడ్డానికి మామూలు కళ్ళజోడే. ఎదురుగా వచ్చినవాళ్ళ పేరు, వరస, కిందటిసారి ఏం మాట్లాడుకున్నారో చెవిలో చెప్తుంది. నేను గదిలోకి వెళ్ళగానే అక్క తల కొంచెం పక్కకి వంచుతుంది. "లహరి, మీ తోటికోడలు" అని అది చెప్పేదాకా ఆగి, తనకే గుర్తొచ్చినట్టు "ఏమే, ఇప్పుడా రావడం" అంటుంది. ఆ కాస్త ఆగడం నేను గమనించానని అక్కకి తెలియకుండా ఉండాలని, నేను లోపలికి వస్తూ కిటికీ వైపు చూస్తాను.

ఇవాళ కాఫీ పెట్టేలోపల కుళాయి అడిగింది, పొయ్యి అడిగింది, పాలడబ్బా అడిగింది. మనల్ని గుర్తుపెట్టుకునే ప్రతి వస్తువూ మనల్ని అడిగి తీరాలని చట్టం. ఆ అడగడాన్ని మనవి అంటారు. మా వీధిలో అందరూ పోరు అనే అంటారు. ముంజేతి పట్టీ వణుకుతుంది, గొంతు మొదలవుతుంది. "మీ ఏకాంతం మాకు ముఖ్యం." సరే అనే బొత్తాం అరచేయంత ఉంటుంది. వద్దు అన్నది కింద ఎక్కడో, బూడిద రంగు అక్షరాల్లో. వెతికి వెతికి వద్దని నొక్కినా, మర్నాడు మళ్ళీ అడుగుతుంది. వద్దన్నామని గుర్తుపెట్టుకోవాలన్నా దానికి మన అనుమతి కావాలి. అది మనం ఇవ్వలేదు కదా.

"ఎవరితోనే ఆ మాటలు?" అంది అక్క గదిలోంచి.

"పొయ్యితో అక్కా."

"పొయ్యితో ఏం మాటలే? మేం లైటరు నొక్కితే వెలిగేది. నీలాగా కూర్చుని బతిమాలేవాళ్ళం కాదు."

సోమవారం కాబట్టి గుర్తుజోడు మనవి కూడా వచ్చింది. ఇంకో వారం నా ముఖాన్నీ గొంతునీ దాచుకోవచ్చా అని. అది అక్క జోడే అయినా అందులో ఉన్నది నేను కాబట్టి అడగడం నన్నే అడుగుతుంది. డికాక్షన్ దింపుతూ సరే నొక్కాను. ఆ మనవిని చివరిదాకా ఎప్పుడూ విన్నది లేదు.

2. బుధవారం

అక్క స్నానాల గదిలో పడిపోయింది.

నేను వంటింట్లో రొయ్యలు ఒలుస్తున్నాను. దబ్బుమని చప్పుడు, తర్వాత మూలుగు. పరిగెత్తాను. తలుపు తెరుచుకోలేదు. "లోపలి వ్యక్తి ఏకాంతాన్ని మేం గౌరవిస్తాం. మీ ప్రవేశాన్ని నమోదు చేసుకునే ముందు మీ ఎంపికలను పరిశీలించండి" అంది. పట్టీ మీద వేలు నొక్కాను. తడిచేతిని అది గుర్తించలేదు. చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కాను. "ధన్యవాదాలు. ఇంకొక్క ప్రశ్న" అంది.

లోపల అక్క నా పేరు పెట్టి పిలుస్తోంది. అరుపు కాదు, ఎవరికీ వినపడకూడదన్నట్టు చిన్నగా.

తలుపు తెరుచుకునేసరికి అక్క నేల మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒంటి మీద తువ్వాలు లాక్కుని కప్పుకోవాలని చూస్తోంది, చెయ్యి అందడం లేదు.

"ఇంతసేపేంటే?"

"తలుపు తియ్యలేదక్కా."

"తియ్యకపోతే బద్దలుకొట్టాలి. నా ప్రాణం కంటే తలుపెక్కువా?"

ఇషాన్వి గారు పడవ మీద వచ్చి చూశారు. ఎముక విరగలేదు, తుంటి బాగా కమిలింది. మంచం దిగకుండా చూసుకోమన్నారు. ఆవిడ వెళ్ళాక అక్క పక్కన కూర్చుని కాపడం పెడుతుంటే, వేడినీళ్ళ సంచీ కూడా నన్ను ఏదో అడిగింది. ఆ సంచీని గోడకేసి కొట్టాలనిపించింది.

3. శుక్రవారం

రెండిళ్ళ అవతల భార్గవ్ గారుంటారు. ఒకప్పుడు ఈ మనవులు రాసే సంస్థలోనే పనిచేసేవారట. ఆ సంగతి ఆయన ఎక్కువగా చెప్పుకోరు. అక్క పడిపోయిందని తెలిసి చూడ్డానికి వచ్చారు. అక్క తల వంచి, "రండి భార్గవ్ గారూ, మీ మోకాలు ఎలా ఉంది?" అంది. ఆయన ముఖం వెలిగింది. గుర్తుజోడు చెప్తుందని తెలిసినా, అడిగితే బాగానే ఉంటుంది ఎవరికైనా.

వసారాలో నేను తలుపు సంగతి చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఆ సరే బొత్తాన్ని అంత పెద్దది చేసింది మేమేనండి. ఏ రంగైతే జనం చదవకుండా నొక్కుతారో మా దగ్గర లెక్కలుండేవి. దాని గురించి ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటాం. మీ పట్టీ ఇలా ఇవ్వండి, మౌనిని పెడతాను."

మౌని అంటే మన బదులు మనవులకి జవాబు చెప్పేది. బజార్లో అమ్మరు. ఆయనలాంటి వాళ్ళు తమ కోసం తయారుచేసుకున్నదట.

"దీనికి మూడు దార్లున్నాయండి. అన్నిటికీ సరే అనిపించడం ఒకటి. పోరు పోతుంది గానీ, మీ ఒంటి మీద పుట్టుమచ్చ కూడా ఊళ్ళో ప్రతి కొట్టుకీ తెలిసిపోద్ది. రెండోది, అన్నిటికీ వద్దు. తలుపూ పొయ్యీ మిమ్మల్ని గుర్తుపెట్టుకోవు, కానీ పని చేసి తీరతాయి. చట్టం అలా ఉంది. మూడోది, ఏది కావాలో ఏది వద్దో మీరే కూర్చుని ఒక్కొక్కటీ చెప్పడం. ఒక పూట పడుతుంది."

"ఏది మంచిదండీ?"

"మూడోదేనండి, ఓపికుంటే."

లోపల అక్క పక్క మీద కదల్లేక నన్ను పిలిచింది. నేను లేచాను.

"ఇప్పటికి రెండోది పెట్టెయ్యండి. ఆదివారం కూర్చుని ఆ మూడోది చూస్తాను."

"వైద్యానికి సంబంధించినవేమైనా ఉన్నాయేంటండి? ఉంటే వాటిని ముందే పక్కన పెడతాను."

"నాకా? బీపీ మిషనుంది. మాత్రల పెట్టె ఉంది. అంతేనండి."

కళ్ళజోడు నాది కాదు కదా, అక్కది. నాకు తట్టలేదు. ఆయన అడిగిన మాటనీ నేను చెప్పిన జవాబునీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

4. ఆదివారం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఇంత గోల ఉందని ఇప్పుడే తెలిసింది. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి. స్నానాల గది తలుపు తోస్తే తెరుచుకుంటోంది. ఆటు సమయంలో మడచెట్ల వేళ్ళ మధ్య బురద చిటపటలాడడం వినిపించింది. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళైందో.

బజారుకి వెళ్తుంటే పడవ "స్వాగతం, కొత్త ప్రయాణికురాలా" అంది. ఎప్పుడూ కొనే కొట్టులో నేను ఏ బియ్యం తింటానో బల్లకి తెలియలేదు. నేనే నోరు తెరిచి చెప్పాల్సొచ్చింది. ఆ మాత్రానికి బాధేం లేదు. సరదాగానే ఉంది, కొత్త ఊరికి వచ్చినట్టు.

మధ్యాహ్నం అక్కని దిండ్ల మీద ఆనించి కూర్చోబెట్టాను. ఇద్దరం కలిసి చింతచిగురు నలిపాం.

"ఇవాళ ఇల్లు ఇల్లులా ఉందే. ఎవరూ ఏమీ అడగట్లేదు," అంది.

"నోరు మూయించానక్కా అన్నిటికీ."

"ఎప్పుడో చెయ్యాల్సిన పని. నీకు బుద్ధి రావడానికి నా తుంటి విరగాల్సొచ్చింది."

"విరగలేదక్కా, కమిలిందంతే."

"నొప్పి నాది. విరిగిందో కమిలిందో నేను చెప్పాలి."

ఇద్దరం నవ్వుకున్నాం. మూడో దారి సంగతి గుర్తుకొచ్చింది. ఒక పూట కూర్చోవాలి. చిగురు నలపడం అయ్యాక చూద్దామనుకున్నాను. తర్వాత రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో కునుకు పట్టేసింది.

5. మంగళవారం

పొద్దున్నే కాఫీ పట్టుకుని అక్క గదిలోకి వెళ్ళాను. అక్క తల పక్కకి వంచింది. నేను అలవాటుగా కిటికీ వైపు చూశాను. తిరిగి చూసేసరికి ఇంకా తల వంచే ఉంది.

"నమస్కారమండీ," అంది. "కూర్చోండి. మా తోటికోడలు ఇక్కడే ఎక్కడో ఉంటుంది, వచ్చేస్తుంది."

నాకు నవ్వొచ్చింది. కోపమొస్తే అక్క నన్ను మీరు అంటుంది. ఒకసారి తన ఊరగాయ జాడీ పగలగొట్టినందుకు చాలా రోజులు మీరు అంటూనే అన్నం వడ్డించింది.

"ఏం తప్పు చేశానక్కా? నిన్న పంచదార తక్కువైందా?"

"అయ్యో, తప్పేంటండీ. మిమ్మల్ని పోల్చుకోలేకపోతున్నాను, అంతే. ఈమధ్య నాకు అంతగా గుర్తుండట్లేదు. ఏమీ అనుకోకండి."

ఆ మాట అనడానికి అక్క ఎంత సిగ్గుపడిందో చూశాను. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుని, నా వైపు ఆశగా చూసింది. మళ్ళీ తీసి మళ్ళీ తుడిచింది. అప్పుడు అర్థమైంది.

కాఫీ గ్లాసు కింద పెట్టి వసారాలోకి వచ్చాను. మౌని నా బదులు చెప్పిన జవాబులన్నీ పట్టీలో ఉంటాయని భార్గవ్ గారు చెప్పారు. వెతికాను. పడవ, వద్దు. పాలడబ్బా, వద్దు. బియ్యం కొట్టు, వద్దు. వాటి మధ్యలో, వాటిలాగే, చిన్న అక్షరాల్లో ఉంది. ప్రత్యూష గారి గుర్తుజోడు. మీ ముఖం, గొంతు, వరస, ఇద్దరి మధ్య సంభాషణలు. రకం, ఐచ్ఛికం. జవాబు, వద్దు. ఇంతవరకు దాచినదంతా చెరిపివేశాం. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం.

ఐచ్ఛికం అని ఉంది. కళ్ళజోడు కళ్ళజోడుగా పనిచెయ్యడానికి నేను అవసరం లేదు కదా.

లోపల్నించి అక్క పిలిచింది. "ఏమండీ, కాఫీ మీరు తాగుతారా? వేడిగా ఉంది."

6. బుధవారం

భార్గవ్ గారిని అక్క దగ్గర కూర్చోబెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. ఇషాన్వి గారు వింటూ వింటూ కలం పక్కన పెట్టేశారు.

"తిరిగి తెప్పించలేమండీ. చెరిపెయ్యమంటే నిజంగా చెరిపెయ్యాలని మనవాళ్ళే రోడ్లెక్కి కొట్లాడి తెచ్చుకున్న చట్టం కదా. ఎక్కడా నకలు ఉండదు."

"ఇప్పుడు నేను సరే అంటే?"

"అంటే ఇకనుంచి మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది. కానీ మీరెవరో, ఏమవుతారో మీరు చెప్తే తీసుకోదు. జోడు పెట్టుకున్నవాళ్ళే చెప్పాలి. లేకపోతే దారినపోయే ప్రతివాడూ వచ్చి నేను నీ కొడుకునని రాయించుకుంటాడు. అలా మోసపోయినవాళ్ళున్నారు."

"అక్కకి గుర్తు లేదు కదమ్మా, చెప్పడానికి."

"అదేనండీ చిక్కు."

"మీరు చెప్పండి. మీకు తెలుసు కదా నేనెవరో."

"నా మాట చెల్లాలంటే కుటుంబంలో ఒకరు సంతకం పెట్టాలి."

"అక్క పుట్టింటివాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. ఉన్న కుటుంబం నేనొక్కదాన్నే."

"జోడు దృష్టిలో మీరిప్పుడు కుటుంబం కాదండీ," అన్నారు ఆవిడ. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చారు. "మెల్లగా చెప్పి చూడండి. నమ్మితే ఆవిడే చెప్తారు. బలవంతం మాత్రం చెయ్యకండి. భయం పట్టుకుంటే ఈ వయసులో ముందు తిండి మానేస్తారు."

పడవ మళ్ళీ కొత్త ప్రయాణికురాలా అంది. మౌనిని అక్కడే పట్టీలోంచి తీసేశాను. ఇంటికి చేరేలోపల పోరంతా మళ్ళీ మొదలైంది. ఇప్పుడది నాకు పోరులా లేదు.

7. శుక్రవారం

మెల్లగానే చెప్పాననుకున్నాను.

నా పెళ్ళి ఫోటో ఒకటి కాగితం మీద వేసినది ఉంది. అక్క చేతికిచ్చాను. చూడగానే ముఖం విప్పారింది.

"ఇది లహరి. మా తోటికోడలు. ఇదిగో, ఈ మూల నేను. చూడండి ఎలా నవ్వుతోందో. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే ఇది ఆకలేస్తోందంది. నేనే చాటుగా లడ్డూ తెచ్చి పెట్టాను."

అది నిజం. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

"ఆ లడ్డూ తిన్నది నేనే అక్కా. నేనే లహరిని."

అక్క ఫోటో చూసింది, నన్ను చూసింది. ఫోటోలో పిల్లకి జడ నడుము దాటి ఉంది. ఇక్కడ నా నెత్తి మీద పిడికెడు తెల్లజుట్టు.

"మీరా?" అంది. "మీకు నా వయసుంటుంది కదమ్మా."

"అక్కా, ఏళ్ళు గడిచాయి. నా గొంతు విను. నీ తుంటికి కాపడం పెట్టింది నేనే. మొన్న ఇద్దరం చింతచిగురు నలిపాం."

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. చేతులు పట్టుకున్నాను. బావగారి పేరు చెప్పాను, మా ఆయన పేరు చెప్పాను, ఊరగాయ జాడీ సంగతి చెప్పాను. ఒక్కొక్కటి చెప్తుంటే అక్క కళ్ళలో గుర్తుపట్టడం కాదు, భయం కనిపించింది. ఇవన్నీ ఈ ముసలావిడకి ఎలా తెలిశాయని.

"లహరి ఏది?" అంది. "దాని పేరు చెప్పుకుని ఇంట్లోకి ఎందుకొచ్చారు? దాన్ని ఏం చేశారు?"

"అక్కా..."

"నన్ను అక్కా అనకండి."

నేను గది బయటికి రాగానే, కమిలిన తుంటితోనే లేచి, గోడ పట్టుకుని వెళ్ళి లోపలి గడియ వేసుకుంది. అన్నం తీసుకెళ్ళి తలుపు కొట్టాను. తియ్యలేదు. సాయంత్రం పాలు తీసుకెళ్ళాను. వెళ్ళిపోండి అంది, మర్యాదగానే.

8. శనివారం

రాత్రి గడిస్తే మర్చిపోతుందనుకున్నాను, కానీ భయం మాత్రం నిలిచిపోయింది. పొద్దున కూడా అక్క ఏమీ ముట్టలేదు. భార్గవ్ గారిని పిలుచుకొచ్చాను. విషయం తెలిసినప్పటి నుంచి ఆయన నా ముఖం సరిగ్గా చూడలేకపోతున్నారు.

"ప్రత్యూష గారూ, నేనండి, భార్గవ్‌ని," అన్నారు తలుపు దగ్గర.

గడియ తీసిన చప్పుడైంది. ఆయన్ని చూసి తల వంచి, "రండి, మోకాలు నొప్పి తగ్గిందా?" అంది. ఆయనకి తలుపు తెరుచుకుంది. నేను వెనక నిలబడ్డాను.

"ఆవిడే మీ లహరి గారండి," అన్నారు ఆయన నన్ను చూపించి.

"మీకూ అదే చెప్పిందా?" అంది అక్క జాలిగా. "జాగ్రత్తండీ. ఈమధ్య ఇలాంటివి ఎక్కువయ్యాయట."

నిన్నటి నుంచి తిండి లేక అక్క పెదాలు ఎండిపోయి ఉన్నాయి. భార్గవ్ గారు నా వైపు తిరిగారు. ఏదో అనబోతూ, అనవచ్చా అన్నట్టు నా కళ్ళలోకి చూశారు. ఆయన ఏం అనబోతున్నారో నాకు తెలిసింది. తల ఊపాను.

"అదేం లేదండి. నేనే పొరపాటు పడ్డాను. ఈవిడ వంటావిడండి. లహరి గారు పని మీద ఊరెళ్తూ, మీకు ఇబ్బంది కాకుండా ఈవిడని పెట్టి వెళ్ళారు. మీరు తినకపోతే ఆవిడొచ్చి నన్ను కేకలేస్తారు."

అక్క ముఖంలో బిగువు సడలింది. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదా. లహరి ఎప్పుడూ అంతే, ఏదీ సరిగ్గా చెప్పి చావదు. ఏం వండావమ్మా?"

మీరు పోయి నువ్వు వచ్చింది. వంటమనిషికి దక్కిన నువ్వు.

అన్నంలో చారు కలిపి పెట్టాను. తింటోంది. సగం తిన్నాక గుర్తుజోడు అందరికీ వినపడేలా అడిగింది, ఎదుట ఉన్నవారిని గుర్తుపెట్టుకోమంటారా, ఈమె మీకు ఏమవుతారు అని.

"వంట చేసే ఆవిడ," అంది అక్క. నా వైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?"

లహరి అంటే మళ్ళీ గడియ పడుతుంది. "సుధ అండీ," అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేరు.

నా పట్టీ వణికింది. ప్రత్యూష గారి గుర్తుజోడు మిమ్మల్ని వంటావిడ సుధగా గుర్తుపెట్టుకోవచ్చా. మీరు అనుమతిస్తే మీరు ఎవరో ఆవిడకి తెలుస్తుంది. నిరాకరిస్తే మీరు ఆవిడకి అపరిచితులవుతారు. ఈసారి చివరిదాకా విన్నాను. ఎంత స్పష్టంగా చెప్తుందో. ఇన్నేళ్ళూ ప్రతి సోమవారం ఇంత స్పష్టంగానే చెప్పి ఉంటుంది.

సరే నొక్కాను.

9. శుక్రవారం

రోజులు గడుస్తున్నాయి. నేను గదిలోకి వెళ్తే అక్క తల వంచుతుంది, "రా సుధా" అంటుంది. అండీ అనడం నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. రెండుసార్లు అక్కా అన్నాను. వంటవాళ్ళు కూడా అలా పిలుస్తారు కాబట్టి ఫరవాలేదు.

ఇషాన్వి గారు వచ్చి చూసి, ఎప్పటికైనా తనంతట తను పోల్చుకోవచ్చన్నారు. ఆ మాట నా కోసం అన్నారని తెలుసు.

ఇవాళ పనసపొట్టు కూర వండుతుంటే అక్క కర్ర సాయంతో వంటింటి గుమ్మం దాకా వచ్చి పీట మీద కూర్చుంది. ఆవపొడి ఎంత వెయ్యాలో చెప్పింది. వేశాను. ఒకప్పుడైతే నాకు తెలుసులే అనేదాన్ని. సుధ అలా అనకూడదు.

"మా లహరికి నేను చెప్తే గిట్టేది కాదు," అంది అక్క. "నేను ఎంత వెయ్యమంటే అంతకు సగం వేసేది. పంతం. కానీ సుధా, మా ఆయన పోయినప్పుడు మా వాళ్ళు వచ్చి నన్ను తీసుకెళ్తామన్నారు. అది గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మా అక్క ఎక్కడికీ రాదంది. అప్పటికి మేమిద్దరం మాట్లాడుకోక చాలా రోజులైంది. అయినా అంది."

నేను కూర కలుపుతూనే ఉన్నాను.

"ఆ సంగతి దానితో ఎప్పుడూ అనలేదు నేను. ఏమని అంటాం? ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఉప్పు పప్పులే సరిపోయాయి."

"వచ్చాక చెప్పండి."

"ఎప్పుడొస్తుందో. నా మీద కోపమొచ్చి వెళ్ళిందేమో అనిపిస్తుంది. నేనేదో అనుంటాను, నాకు గుర్తుండదు కదా. నీతో ఏమైనా చెప్పిందా?"

"మీ మీద కోపం లేదండీ. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పింది."

అక్క నన్ను కాసేపు చూసింది. నమ్మాలని చూసింది.

10. శనివారం

నిన్న భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే అక్క అంది, "సుధా, లహరికి కొంచెం తీసి మూత పెట్టు. ఏ వేళప్పుడు వచ్చినా ఆకలి మీద వస్తుంది."

"అలాగేనండీ."

"చల్లారిపోయినా తింటుంది. ఎవరూ చూడకుండా నిలబడి తింటుంది, కూర్చోమంటే కూర్చోదు. కంచం పీట దగ్గర పెట్టు, అప్పుడైనా కూర్చుంటుందేమో."

కంచంలో అన్నం, పనసపొట్టు కూర పెట్టి మూత వేసి పీట దగ్గర ఉంచాను. అక్క నడుం వాల్చి నిద్రపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుని ఆ అన్నం తిన్నాను. అక్క చెప్పినంత ఆవపొడి వేస్తే కూర ఎంత బాగుంటుందో ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. కంచం కడిగి బోర్లించాను.

ఇవాళ పొద్దున కాఫీ తీసుకెళ్ళాను. అక్క తల వంచి, గుర్తుజోడు చెప్పింది విని, ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"లహరికి అన్నం పెట్టమన్నాను కదా. వచ్చిందా?"

"వచ్చిందండీ."

"తిందా?"

"తిందండీ. కూర్చుని తింది."

"మరి నన్ను లేపలేదేం?"

"మీరు మంచి నిద్రలో ఉన్నారని లేపొద్దంది. మళ్ళీ వస్తానంది."

అక్క కాఫీ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "ఏమైనా చెప్పమందా నాకు?"

నేను మంచం అంచు మీద కూర్చున్నాను. వంటావిడ కూర్చోకూడని చోటు. అక్క ఏమీ అనలేదు.

"తప్పయిపోయింది, క్షమించమని చెప్పమందండీ."

"దేనికి?"

"అది చెప్పలేదు."

అక్క ఆలోచించింది. ఏం తప్పు చేసి ఉంటుందా అని నిజంగానే వెతుక్కుంటోంది, ఉన్నవాటిలో, పోయినవాటిలో.

"తిన్న కంచం కడిగిందా?"

"కడిగిందండీ."

"అయితే ఇంకేం తప్పులే," అని కాఫీ తాగడం మొదలుపెట్టింది.